ఎడమ డ్రైవ్‌షాఫ్ట్ మార్చినా టకటక పోలేదు, పైగా కొత్తగా వణుకు మొదలైంది

ఐదుసీట్లబండి:
అందరికీ నమస్కారం. మాది ముందు చక్రాలకు పవర్ వెళ్లే కారు, మాన్యువల్ గేర్. తొమ్మిదేళ్లయింది, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. నెల క్రితం పార్కింగ్‌లోంచి తీస్తూ స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే ముందు నుంచి టక్ టక్ టక్ అని శబ్దం వచ్చింది. స్టీరింగ్ సరిచేస్తే ఆగిపోతుంది. కుడికి తిప్పినప్పుడు దాదాపు వినిపించదు.

వర్క్‌షాప్‌లో చూపించాను. ఒక రౌండ్ నడిపి చూసి, ఎడమకు తిప్పితే వస్తోంది కాబట్టి ఎడమ డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి పవర్ తీసుకెళ్లే కడ్డీ) పోయిందన్నారు. షాఫ్ట్ మొత్తం తీసి రీకండిషన్ చేసినది, అంటే బాగుచేసిన పాతది వేశారు. ఇంటికి వచ్చి ఎడమకు తిప్పితే అదే టకటక. పైగా ఇంతకుముందు లేని వణుకు ఒకటి మొదలైంది. మూడో గేర్లో 50 దాటాక యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే కాళ్ల కింద ఫ్లోర్ అంతా వణుకుతుంది. కాలు తీయగానే పోతుంది. ఇప్పుడు కుడి షాఫ్ట్ కూడా మార్చాలంటున్నారు.

పిల్లల్ని, మా అమ్మని ఎక్కించుకుని దూరం వెళ్లాల్సిన పని ఉంది. బండి తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఇంకో షాఫ్ట్ వేయించే ముందు అసలు ఏం పాడైందో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

నైట్‌డ్రైవర్:
మాకూ ముందు నుంచి శబ్దం వస్తోంది కానీ టకటక కాదు, 40 దాటితే గుయ్‌మని ఒకటే మోత. ఇది కూడా డ్రైవ్‌షాఫ్టేనా?

రోడ్డురాజా:
షాఫ్ట్ జాయింట్‌ని కప్పే రబ్బరు తొడుగు ఉంటుంది కదా, ఆ బూట్ క్లిప్ విప్పి లోపల కొత్త గ్రీజు నింపించండి అన్నా. నా పాత బండికి అలాగే చేశాం, శబ్దం తగ్గింది.

గ్రీజుచేతులు:
రోడ్డురాజా గారూ, ఎన్ని రోజులు తగ్గింది? టకటక వినిపించిందంటే జాయింట్ లోపల గుండ్లు నడిచే గాడి అప్పటికే అరిగి గుంట పడిందని అర్థం. గ్రీజుతో ఆ గుంట పూడదు. కొత్త గ్రీజు చిక్కగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు శబ్దాన్ని నొక్కి పెడుతుంది, అంతే. బూట్ చిరిగిందని శబ్దం రాకముందే కనిపెట్టి శుభ్రంగా కడిగి, కొత్త బూట్ వేసి గ్రీజు పెడితే జాయింట్ బతుకుతుంది. శబ్దం మొదలయ్యాక పెట్టే గ్రీజు వృథా.

ఐదుసీట్లబండి గారూ, తీసేసిన పాత ఎడమ షాఫ్ట్ మీ దగ్గరే ఉందా? ఉంటే పారేయకండి.

పాతపానా:
నేను ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. శబ్దం ఎక్కడి నుంచి వస్తున్నట్టు వినిపిస్తోందో దాన్ని నమ్మకండి, ఎప్పుడు వస్తోందో దాన్ని పట్టుకోండి. ఇనుము మోతను మోసుకుపోతుంది. కుడి చక్రం దగ్గర తగిలిన దెబ్బ కింది ఇనుప ఫ్రేమ్ (సబ్‌ఫ్రేమ్) గుండా వచ్చి డ్రైవర్ కాలి దగ్గర వినిపిస్తుంది.

మీ బండిలో ఒక్కో షాఫ్ట్‌కు రెండు జాయింట్లు ఉంటాయి. చక్రం పక్కన ఉండే బయటి జాయింట్‌లో ఆరు ఉక్కు గుండ్లు ఒక పంజరంలాంటి కేజ్‌లో కూర్చుని గాడుల్లో నడుస్తాయి. స్టీరింగ్ తిప్పినప్పుడు 45 డిగ్రీల దాకా వంగేది ఇదే. గేర్‌బాక్స్ పక్కన ఉండే లోపలి జాయింట్‌లో చాలా కార్లకు మూడు రోలర్లు ఉంటాయి. ఇది ఎక్కువ వంగదు, కానీ చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు షాఫ్ట్ పొడవు సరిపోయేలా లోపలికీ బయటికీ జారుతుంది.

బయటిది అరిగితే స్టీరింగ్ బాగా తిప్పి, లోడ్ ఇచ్చినప్పుడు టకటకలాడుతుంది. లోపలిది అరిగితే బండి నేరుగా పోతున్నా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వణుకుతుంది, కాలు తీస్తే ఆగుతుంది. మీరు రాసినవి రెండు వేరు వేరు జబ్బులు. టకటక పాతది, ఎడమ షాఫ్ట్ మార్చినా పోలేదు కాబట్టి అది ఎడమ షాఫ్ట్‌ది కాదు. వణుకు ఎడమ షాఫ్ట్ మార్చిన రోజే వచ్చింది కాబట్టి ముందు ఆ వేసిన షాఫ్ట్‌నే అనుమానించాలి.

ఎడమకు తిప్పితే బరువు కుడి పక్కకు వాలుతుంది. లోడ్ పడే కుడి జాయింటే ఎక్కువగా అరుస్తుంది. మీ వర్క్‌షాప్ వాళ్లు దీన్ని తిరగేసి చదివారు.

మెషిన్‌షాప్:
పాతపానా గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ చివరి సూత్రాన్ని ఒప్పుకోలేను. పార్కింగ్‌లో గంటకు ఐదారు కిలోమీటర్ల వేగంలో బరువు పక్కకు వాలేది చాలా తక్కువ. ఇంజిన్ పవర్‌ని రెండు చక్రాలకూ పంచే మామూలు డిఫరెన్షియల్ రెండింటికీ దాదాపు సమానంగానే టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. పైగా మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ కోణం తిరుగుతుంది. అంటే ఎడమకు తిప్పినప్పుడు ఎడమ జాయింటే ఎక్కువ వంగుతుంది. గుంట గాడిలో ఎక్కడ పడిందో, గుండు సరిగ్గా ఆ చోటికి ఏ కోణంలో చేరుతుందో దాన్ని బట్టి శబ్దం వస్తుంది. ఎడమకు తిప్పితే కుడిది అనడం కూడా అందాజే. వర్క్‌షాప్ ఒక అందాజు వేసింది, మనం ఇంకో అందాజు వేసి కుడిది మార్చమంటే తేడా ఏముంది?

పాతపానా:
ఒప్పుకుంటున్నాను. రోడ్డు మీద వేగంగా మలుపు తీసుకున్నప్పుడు నా సూత్రం బాగా పనిచేస్తుంది. పార్కింగ్ వేగంలో దాని మీద ఆధారపడి పార్ట్ కొనకూడదు. నేను కూడా బండి కింద చూడకుండా ఎప్పుడూ విప్పలేదు, అది ముందే రాయాల్సింది.

ఐదుసీట్లబండి గారూ, ఖాళీ జాగాలో అద్దాలు దించి, ఇంకొకర్ని కాస్త దూరంలో నిలబెట్టి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకూ వెనక్కూ నెమ్మదిగా గుండ్రంగా నడపండి. రెండు వైపులా చేయండి. బయట నిలబడినవాళ్లకు ఏ చక్రమో చాలాసార్లు స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత బండి ఆపి, ఇంజిన్ ఆపి, చక్రం లోపలి వైపు చూడండి. బూట్ చిరిగితే చక్రం తిరిగే వేగానికి గ్రీజు విసిరినట్టు పడుతుంది. రిమ్ లోపలి అంచు మీద, షాక్ అబ్జార్బర్ మీద, బ్రేక్ పైపు మీద నల్లటి చారలా కనిపిస్తుంది. బూట్ పైపైన బాగానే కనిపిస్తుంది, మోసపోకండి. మడతలు వేళ్లతో విడదీసి చూడాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంచితే మడతలు తెరుచుకుంటాయి.

జాకీ మీద ఎత్తితే కింద స్టాండు పెట్టకుండా తల లోపల పెట్టొద్దు. వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంకో సంగతి. బండిని పైకెత్తి గేర్లో వేసి తిప్పి వినమని కొందరు చెబుతారు. చక్రాలు వేలాడుతున్నప్పుడు షాఫ్ట్ రోడ్డు మీద ఎప్పుడూ ఉండని కోణంలో ఉంటుంది, మంచి జాయింట్ కూడా శబ్దం చేస్తుంది. అలా విని ఏమీ తేల్చుకోలేం, ప్రమాదం కూడా.

వ్యాన్‌వాలా:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది వెనక చక్రాల బండి. నెమ్మదిగా కదిలేటప్పుడు కింద నుంచి పిట్ట అరిచినట్టు కిచ్ కిచ్ అంటుంది, వేగం పెరిగితే గబగబా అంటుంది. గేర్ వేసి క్లచ్ వదిలితే ఒక్కసారి ఠంగుమంటుంది.

గ్రీజుచేతులు:
వ్యాన్‌వాలా గారూ, మీది గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్ అయి ఉండొచ్చు. అందులో నాలుగు కప్పుల్లో సన్నటి సూది బేరింగులు ఉంటాయి, ఎండిపోతే ఆ కిచకిచ వస్తుంది. గ్రీజు ఎక్కించే నిపుల్ ఉంటే గ్రీజు పట్టించి చూడండి. కప్పు అంచు నుంచి తుప్పు రంగు పొడి రాలుతుంటే గ్రీజుతో ఆగదు, క్రాస్ మార్చాల్సిందే. విప్పే ముందు షాఫ్ట్‌కూ దాన్ని బోల్టులతో బిగించే ఫ్లాంజ్‌కూ కలిపి ఒక గీత గీయండి, అదే గీతకు బిగించాలి. రెండు ముక్కల షాఫ్ట్ అయితే ఆ రెండు ముక్కలు కలిసే చోట కూడా గుర్తు పెట్టుకోండి. క్రాస్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులవుతుంది. ఆ తేడాను అవతలి క్రాస్ సర్దుతుంది. ముక్కల్ని తేడాగా కలిపితే సర్దాల్సింది పోయి పెంచుతుంది, బండంతా వణుకుతుంది.

నైట్‌డ్రైవర్ గారు అడిగింది కూడా ఎవరైనా చెప్పండి.

చక్రంచెవి:
నైట్‌డ్రైవర్, గుయ్‌మని మోత అంటే ముందు వీల్ బేరింగ్, టైర్లు చూసుకోవాలి. 60లో వెళ్తూ, రోడ్డు ఖాళీగా ఉన్నచోట, న్యూట్రల్ చేసి కాసేపు జారనివ్వు. ఇంజిన్ మాత్రం ఆపకు. మోత అలాగే ఉందంటే ఇంజిన్‌కూ యాక్సిలరేటర్ లోడ్‌కూ సంబంధం లేదు, చక్రంతో తిరిగేదే ఏదో. తర్వాత స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ ఊపు. ఎడమకు తిప్పినప్పుడు మోత పెరిగి, కుడికి తిప్పితే తగ్గితే కుడి బేరింగ్‌ని అనుమానించు. రోడ్డు మారగానే మోత మారితే టైరు. నునుపైన తారు మీదికి ఎక్కగానే శబ్దం రంగు మారుతుంది, బేరింగ్‌ది అలా మారదు. టైరు గాట్లున్న ముఖం (ట్రెడ్) మీద అరచేయి ముందుకూ వెనక్కూ నిమిరి చూడు. ఒక వైపు నునుపుగా, ఇంకో వైపు రంపంలా తగిలితే దొరికినట్టే. ముందు టైర్లు వెనక్కి వేసి నడిపితే మోత కూడా వెనక్కి పోతుంది.

ఐదుసీట్లబండి:
ఈరోజు పొద్దున మా అబ్బాయిని బయట నిలబెట్టి గుండ్రంగా నడిపాను. ఎడమకు తిప్పి ముందుకు పోతుంటే శబ్దం కుడి చక్రం నుంచే అని చెయ్యి చూపించాడు. వెనక్కి పోయినప్పుడు కూడా అదే చక్రం.

తర్వాత కుడి చక్రం వెనక టార్చి వేసి చూశాను. రిమ్ లోపల, షాక్ అబ్జార్బర్ కింది భాగంలో వేలు మందంలో నల్లటి జిడ్డు, దాని మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. బూట్ మాత్రం బాగానే కనిపించింది. పాతపానా గారు చెప్పినట్టు మడతలు విడదీస్తే, చక్రం వైపు నుంచి రెండో మడతలో రెండు వేళ్లు పట్టేంత పగులు ఉంది. స్టీరింగ్ నేరుగా పెడితే ఆ పగులు మూసుకుపోతోంది, అస్సలు కనబడటం లేదు. దాని నుంచి కొంచెం గ్రీజు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాను. సన్నటి ఇసుకలా గరగరలాడుతోంది.

పాత ఎడమ షాఫ్ట్ డిక్కీలోనే ఉంది. రెండు బూట్లూ బాగున్నాయి. బయటి జాయింట్‌ని చేత్తో అన్ని వైపులా వంచాను, బిగువుగా, మెత్తగా తిరుగుతోంది. ఎక్కడా పట్టుకోవడం లేదు.

పాతపానా:
ఆ ఇసుకే మీ టకటక. బూట్‌లో పగులు పడితే గ్రీజు బయటికి, నీళ్లూ ఇసుకా లోపలికి. గుండ్లకూ గాడులకూ మధ్య సానరాయిలా అరగదీస్తుంది. ఇంకో పరీక్ష చేయండి. చక్రం ఎత్తి, స్టాండు మీద ఉంచి, గేర్లో పెట్టి, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు కుడి షాఫ్ట్‌ని బయటి జాయింట్ పక్కన పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. అక్కడ ఆట (వదులు) అస్సలు ఉండకూడదు. తిప్పినట్టు ఊపితే కొద్దిగా కదులుతుంది, అది గేర్‌బాక్స్ పళ్ల మధ్య ఖాళీ, భయపడొద్దు. లోపలి జాయింట్ లోపలికీ బయటికీ జారడం కూడా దాని స్వభావమే.

మీ పాత ఎడమ షాఫ్ట్ ఆరోగ్యంగా ఉంది. అది అనవసరంగా దిగింది.

మెషిన్‌షాప్:
వణుకు సంగతి కూడా లెక్క చూద్దాం. 60 కిలోమీటర్ల వేగంలో ఇలాంటి బండి చక్రం సెకనుకు సుమారు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. చక్రం బ్యాలెన్స్ తప్పితే వచ్చే ఊపు అదే లెక్కలో, స్టీరింగ్ చేతుల్లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ తీసినా ఉంటుంది. మూడు రోలర్ల లోపలి జాయింట్ అరిగితే ఒక్కో చుట్టుకు మూడు తోపులు, అంటే సెకనుకు 26, 27 సార్లు. అందుకే మీకు అది ఊపులా కాకుండా ఫ్లోర్‌లో వణుకులా తెలిసింది. లోడ్ తీయగానే పోవడం కూడా దానికి సరిపోతోంది.

వేసిన షాఫ్ట్ లోపలి కొన గేర్‌బాక్స్‌లో పూర్తిగా కూర్చుందో లేదో కూడా చూపించండి. కొన మీద ఒక తీగ రింగు ఉంటుంది. అది లోపల టక్కున పట్టుకోవాలి. పట్టకపోతే షాఫ్ట్ జరిగి ఆయిల్ కారడం మొదలవుతుంది.

ఐదుసీట్లబండి:
అయితే కుడి షాఫ్ట్ మొత్తం మార్చాలా, బయటి జాయింట్ ఒక్కటీ చాలా?

గ్రీజుచేతులు:
మీ బండికి బయటి జాయింట్ విడిగా, బూట్ కిట్‌తో దొరికితే అదే చాలు. లోపలి జాయింట్, షాఫ్ట్ బాగున్నాయని చూశాకే. చాలా బండ్లలో కుడి షాఫ్ట్ ఎడమదాని కంటే పొడవు, మధ్యలో బేరింగ్ కూడా ఉండొచ్చు, దాన్ని కూడా తిప్పి చూడమనండి. మంచి పాత షాఫ్ట్ మీద మంచి జాయింట్ వేయడం, నాణ్యత తెలియని రీకండిషన్ షాఫ్ట్ కంటే మేలని నా గట్టి అభిప్రాయం. జాయింట్ కొనేటప్పుడు షాఫ్ట్ దూరే చోట పళ్ల లెక్క, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసేది) రింగు ఉందో లేదో పాతదాని పక్కన పెట్టి సరిచూడాలి.

పని చేసేటప్పుడు మీరు దగ్గరుండండి. హబ్ నట్టు, అంటే చక్రం మధ్యలో షాఫ్ట్ కొనను పట్టే పెద్ద నట్టు, చక్రం నేల మీద ఉండగానే, ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుంటే వదులు చేయాలి. పాత జాయింట్‌ని షాఫ్ట్ నుంచి మెత్తటి లోహపు ముక్క అడ్డం పెట్టి కొట్టి దించుతారు, లోపల రింగు పట్టుకుని ఉంటుంది. కొత్తది వేసేటప్పుడు ఆ రింగు కొత్తదే వేయాలి. కిట్‌లో వచ్చిన గ్రీజు ప్యాకెట్ మొత్తం వాడాలి, సగం జాయింట్‌లోకి బాగా ఒత్తి, మిగతాది బూట్‌లో. అది మాలిబ్డినం కలిసిన నల్లటి గ్రీజు. డబ్బాలో దొరికే మామూలు చాసిస్ గ్రీజు దాని బదులు పనికిరాదు. క్లాంపు బిగించే ముందు బూట్ అంచు కింద సన్నటి పుల్ల దూర్చి లోపల చిక్కిన గాలి వదలాలి. లేకపోతే బూట్ ఉబ్బి లేదా పీల్చుకుపోయి మళ్లీ చిరుగుతుంది.

హబ్ నట్టు కొత్తది. బిగువు కొలిచే టార్క్ పానాతోనే బిగించాలి. కుటుంబ కార్లకు ఇది 180 నుంచి 300 న్యూటన్ మీటర్ల మధ్య ఉండటం మామూలు, మీ బండి అంకె మాన్యువల్‌లో చూడండి. గాలి గన్నుతో గర్రుమనిపించి వదిలేస్తే ఒప్పుకోవద్దు.

మెషిన్‌షాప్:
ఒక ముఖ్యమైన హెచ్చరిక చేర్చాలి. షాఫ్ట్ తీసేసి, లేదా హబ్ నట్టు వదులుగా ఉండగా బండిని చక్రాల మీద నిలబెట్టి నెట్టొద్దు. చాలా బండ్లలో హబ్ బేరింగ్ రెండు సగాల్ని ఆ నట్టు బిగువే కలిపి పట్టుకుంటుంది. అది లేకుండా బరువు పడితే మంచి బేరింగ్ పోతుంది. తర్వాత నైట్‌డ్రైవర్ గారి మోత మీకూ వస్తుంది.

రోడ్డురాజా:
నా బండి సంగతి కూడా చెబుతాను. గ్రీజు పెట్టించాక శబ్దం తగ్గింది నిజమే, కానీ రెండు నెలలకు మళ్లీ వచ్చింది, చివరికి జాయింటే మార్చాం. ఆ సగం మాత్రం రాయలేదు. తప్పు సలహా ఇచ్చినందుకు సారీ అన్నా.

నాదొక సందేహం. ఇప్పుడున్న బండి రివర్స్ తీసి, ముందుకు కదిలినప్పుడు ఒకే ఒక్క టక్. మళ్లీ రివర్స్ చేసే దాకా రాదు.

పాతపానా:
రాసి మంచి పని చేశావు తమ్ముడూ. నీది చూడు, దిశ మారినప్పుడు ఒక్కసారే అంటే జాయింట్ గాడి కాకపోవచ్చు. బయటి జాయింట్ భుజం హబ్ బేరింగ్‌ని ఆనుకునే చోట ఎండిపోయి, లోడ్ తిరగబడినప్పుడు ఒకసారి జారి టక్కుమంటుంది. నట్టు వదులైనా ఇంతే. నట్టు విప్పి, ఆ ఆనుకునే ముఖాలు తుడిచి, బండి కంపెనీ చెప్పిన గ్రీజు పల్చగా రాసి, కొత్త నట్టు టార్క్‌కు బిగించి చూడమను. ఇంజిన్ మౌంటింగ్ కూడా ఇలాంటి దెబ్బే కొడుతుంది, కానీ అది లోతుగా ధబ్‌మంటుంది. బానెట్ తెరిచి ఒకరు క్లచ్ నెమ్మదిగా వదులుతుంటే ఇంజిన్ ఎంత ఒరుగుతోందో పక్క నుంచి చూడొచ్చు. బండి ముందు మాత్రం ఎవరూ నిలబడకూడదు.

ఐదుసీట్లబండి:
పని అయింది. వేరే వర్క్‌షాప్‌లో చేయించాను, మొత్తం దగ్గరుండి చూశాను.

కుడి బయటి జాయింట్ విప్పి కిరోసిన్‌తో కడిగాక గుండ్లు ఒక్కొక్కటే నా చేతిలో పెట్టారు. నాలుగు అద్దంలా ఉన్నాయి. రెండింటి మీద ఉప్పు రేణువంత గుంటలు. గాడిలో గోరు పెట్టి లాగితే సరిగ్గా ఒక చోట గోరు పడి ఆగుతోంది, బాగున్న గాడిలో జారిపోతోంది. ఆ గోరు ఆగిన చోటే నెల రోజులుగా నేను విన్న టకటక అని అప్పుడు అర్థమైంది. లోపలి జాయింట్, మధ్య బేరింగ్ బాగానే ఉన్నాయన్నారు. బయటి జాయింట్, బూట్, నట్టు కొత్తవి వేశారు. నేను అడిగితే టార్క్ పానా తెచ్చి మాన్యువల్ చూసి బిగించారు.

ఎడమ పక్క రీకండిషన్ షాఫ్ట్ తీసి నా పాత షాఫ్ట్ మళ్లీ ఎక్కించారు. గేర్‌బాక్స్ సీలు కొత్తది వేసి, కారిన గేర్ ఆయిల్ లెవెల్ వరకు నింపారు. తీసిన షాఫ్ట్‌ని మొదటి వర్క్‌షాప్‌కు తీసుకెళ్లాను. వాళ్లే నా ముందు లోపలి బూట్ విప్పారు. మూడు రోలర్లలో ఒకటి బిగుసుకుంది, అది నడిచే గాడిలో చిన్న మెట్టు పడి ఉంది. పొరపాటు ఒప్పుకుని వెనక్కి తీసుకున్నారు.

టకటక లేదు. మూడో గేర్లో 50 నుంచి 80 దాకా గట్టిగా నొక్కి చూశాను, వణుకు లేదు.

గ్రీజుచేతులు:
చాలా సంతోషం. 500 కిలోమీటర్లు తిరిగాక బూట్ క్లాంపుల దగ్గర జిడ్డు తేలిందా, గేర్‌బాక్స్ సీలు దగ్గర తడి ఉందా ఒకసారి చూడండి. పాత ఎడమ షాఫ్ట్ బూట్లు కూడా ఆ వయసువే కాబట్టి టైర్లు మార్పించిన ప్రతిసారీ మడతలు విడదీసి చూడమనండి.

నైట్‌డ్రైవర్:
చక్రంచెవి గారు చెప్పినట్టు చేశాను. న్యూట్రల్‌లో మోత అలాగే ఉంది, స్టీరింగ్ ఊపితే మారలేదు. ట్రెడ్ మీద చెయ్యి నిమిరితే ఒక వైపు రంపంలా తగిలింది. ముందు టైర్లు వెనక్కి వేయించాను. ఇప్పుడు మోత వెనక సీటు కింద నుంచి వస్తోంది. అలైన్‌మెంట్ చూపిస్తే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) బాగా తప్పిందన్నారు, సరిచేశారు.

ఐదుసీట్లబండి:
640 కిలోమీటర్లు తిరిగొచ్చాం, అమ్మ, పిల్లలు అందరం. ఇప్పుడే టార్చి వేసి చూశాను. క్లాంపుల దగ్గర పొడిగా ఉంది, గేర్‌బాక్స్ సీలు దగ్గర కూడా తడి లేదు. ఎడమ బూట్ మడతలు కూడా విడదీసి చూశాను, పగుళ్లు లేవు.